మీ పేట ఏ సర్వే నంబరులో ఉంది? (భూమి – మనం: 7వ భాగం)



ఆరో భాగం చదివిన డిగ్రీ తమ్ముడొకడు ఫోన్ చేసి నిలదీశాడు. "అన్నా, రికార్డులు దాచారు దాచారు అంటావు. ఇప్పుడు అడంగల్ ఫోన్లో వస్తోంది. ఊరి మ్యాపు ఫోన్లో వస్తోంది. మున్సిపాలిటీల మాస్టర్ ప్లాన్లు నెట్లో పెడుతున్నారు. ఇంకా దాచేదేముంది?"

మంచి ప్రశ్నే. జవాబు చెప్పేముందు మీ అందరికీ చిన్న పని ఇస్తాను. మీ భూమి పోర్టల్ తెరిచి మీ ఊరి పటం దించుకోండి. మీ ఊళ్ళో పెద్ద రైతు చేను ఎక్కడుందో వెతకండి. రెండు నిమిషాల్లో దొరుకుతుంది. సర్వే నంబరు, సబ్ డివిజను, విస్తీర్ణం, పట్టాదారు పేరు, తండ్రి పేరుతో సహా. ఇప్పుడు మీ పేట వెతకండి. నూట యాభై గడపలున్న పేట కూడా చాలాచోట్ల ఒకే ఒక నంబరులో ఇరుక్కుని ఉంటుంది. చుట్టూ గీత ఉంటుంది. లోపల వీధి ఉండదు, ఇల్లు ఉండదు, పేరు ఉండదు. పక్కన గ్రామకంఠం అనో, పోరంబోకు అనో ఒక్క మాట.

పటం తెరిచారు, నిజమే. తెరిచిన పటంలో మనం ఉన్న చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీ కంప్యూటర్ వాళ్ళు చేసిన తప్పు కాదు. దానికి నూట యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈ భాగం ఆ చరిత్ర గురించి. ఉదాహరణకి మన డెల్టానే, అందులోనూ రామచంద్రపురాన్నే తీసుకుంటాను.

రామచంద్రపురం అనగానే ఉద్యమ మిత్రులకు ముందు గుర్తొచ్చేది వెంకటాయపాలెం. 1996 డిసెంబర్ 29 నాటి శిరోముండనం, 2024 ఏప్రిల్లో విశాఖ ప్రత్యేక కోర్టు తీర్పు. మధ్యలో ఇరవై ఏడేళ్ళు. దాని మీద వేరే రాయాలి, రాస్తాను. ఈరోజు రాసేది చప్పుడు చెయ్యని హింస గురించి. ఇందులో కత్తెర కనపడదు. ఒక కాగితం మీద గీత కనపడుతుంది, అంతే.

సర్వే రాకముందు ఊరి హద్దు ఎవరికి తెలుసో మీకు తెలుసా? మనకే.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఈ సంగతి ఉంది. రెండు ఊళ్ళ మధ్య పొలిమేర తగాదా వస్తే అంటరానివాడని దూరం పెట్టిన మనిషినే పిలిచేవారు. తల మీద నీళ్ళకుండ పెట్టుకుని అతను నడిచిన దారే పొలిమేర అని ఒప్పుకునేవారు. థర్‌స్టన్ తమిళ, కన్నడ ప్రాంతాల ఉదాహరణలు ఎక్కువ ఇచ్చాడు గానీ, మన వైపు వెట్టివాడూ తలారీ చేసిన పని కూడా ఆ కోవలోదే. ఏ బోదె ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో, ఏ గట్టు ఎవరిదో, ఏ పుంత ఎటు పోతుందో రాత్రింబవళ్ళు తిరిగినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఆ జ్ఞానానికి గౌరవం దక్కిందని నేననను. పొలిమేర తేల్చిన మనిషిని ఆ సాయంత్రమే మళ్ళీ పేటకి పంపేసేవారు. కానీ ఊరి పటం అప్పుడు ఒక దళితుడి కాళ్ళలో ఉండేది. అతన్ని అడగకుండా హద్దు తేలేది కాదు.

తర్వాత గొలుసు వచ్చింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర గురించి మన పాఠాలన్నీ అక్కడ ఆగిపోతాయి. నీళ్ళు వచ్చాక ప్రభుత్వానికి శిస్తు కావాలి. శిస్తు వెయ్యాలంటే ఏ చేను ఎంతో, మెట్టో పల్లమో, ఏ కాలువ కింద పారుతుందో లెక్క కావాలి. 1860ల్లో గోదావరి జిల్లాలో రెవెన్యూ సర్వే, సెటిల్‌మెంట్ జరిగాయి. అరవై ఆరు అడుగుల గొలుసు, దానికి వంద లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ప్రతి సర్వే నంబరుకీ ఒక పుట. అదే మీరు ఈరోజు ఎఫ్ఎంబీ అని దించుకుంటున్న కొలతల పుస్తకం. ఊరంతటికీ కలిపి ఒక పటం. దాంతోపాటు ఒక రిజిస్టరు. ఆ శతాబ్దం చివర మళ్ళీ సర్వే చేసి తిరగరాసిన రిజిస్టరునే ఆర్ఎస్ఆర్ అంటారు, కోర్టు గుమస్తాలు డైగ్లాట్ అంటారు. ఈరోజుకీ భూమి కేసు ఏదైనా తవ్వుకుంటూ పోతే చివరికి తగిలేది ఆ రిజిస్టరే.

మిత్రులారా, ఆ రిజిస్టరు గడులు ఒకసారి జాగ్రత్తగా చూడండి. సర్వే నంబరు, పాత నంబరు, సర్కారుదా ఇనామా, మెట్టా పల్లమా, నీటి ఆధారం, తరం, శిస్తు, విస్తీర్ణం, పట్టా నంబరు, పట్టాదారు పేరు, చివర రిమార్కులు. పట్టాదారు గడిలో మనుషుల పేర్లుంటాయి. మన పూర్వీకులు ఆ గడిలో అరుదు. మనం ఎక్కడైనా ఉంటే గింటే రిమార్కుల గడిలో ఉంటాం. బండిదారి, చెరువు, శ్మశానం, మాలపల్లె, మాదిగపల్లె. అంటే పటం లెక్కలో మనం మనుషులం కాదు, ఒక రకం పోరంబోకు. తమిళ జిల్లాల్లో అయితే ఊరి ఇళ్ళ స్థలాన్ని నత్తం అనీ, దళితుల ఇళ్ళ స్థలాన్ని చేరి నత్తం అనీ విడిగానే రాసుకున్నారు. అంటరానితనాన్ని దొర కనిపెట్టలేదు. ఉన్నదాన్ని కొలిచి, నంబరు వేసి, శాశ్వతం చేశాడు.

ఇంకో సంగతి. గ్రామకంఠం లోపల ఇళ్ళకు శిస్తు లేదు కాబట్టి లోపల కొలవలేదు. ఇది ఊళ్ళో అగ్రకుల ఇళ్ళకూ వర్తించింది. అయితే ఊళ్ళో వాళ్ళకి పొలం పట్టా విడిగా ఉంది, అప్పు పుట్టడానికి ఆ కాగితం చాలు. మనకి ఇల్లు తప్ప వేరే భూమి లేదు. కొలవనిది ఆ ఒక్కటే. అలా ఒకే రూలు ఇద్దరి మీదా రెండు రకాలుగా పడింది. 2020లో కేంద్రం స్వామిత్వ పథకం తెచ్చి గ్రామాల్లో ఇళ్ళ స్థలాలను డ్రోన్లతో కొలవడం మొదలుపెట్టింది. చేలు కొలిచి నూట అరవై ఏళ్ళయ్యాక అన్నమాట.

జమీందారీ గ్రామాల సంగతి ఇంకొంచెం వేరు. అక్కడ చాలాచోట్ల సర్కారు సర్వే, రైత్వారీ పట్టాలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వచ్చాయి. జమీందారు పోయాడు, పట్టా రైతుకొచ్చింది. ఆ చేలో నాటు వేసినవాళ్ళకి, కోత కోసినవాళ్ళకి ఏమీ రాలేదు. ఎందుకంటే చట్టం రైతు అన్న మాటకి ఇచ్చిన అర్థంలో కూలి లేడు. పటం మళ్ళీ గీశారు, గడి మాత్రం మారలేదు.

సరే, ఈ పటం ఎక్కడ ఉండేది?

కరణం గారింట్లో. ఇప్పటి పిల్లలకి ఇది అర్థం కావడం కష్టం. ఊరికి ఒక ఆఫీసు, అందులో బీరువా, అక్కడికి వెళ్ళి అడిగితే చూపించడం అన్న పద్ధతి కాదది. చాలా ఊళ్ళలో దస్త్రం కరణం ఇంటి భోషాణంలోనే. పదవి తండ్రి నుంచి కొడుక్కి, దస్త్రమూ తండ్రి నుంచి కొడుక్కి. మన తాతలు ఆ ఇంటి అరుగు కూడా ఎక్కలేరు. వీధిలో నిలబడి, చేతులు కట్టుకుని, "అయ్యా, నా గుడిసె ఉన్న జాగా ఎవరి పేరున ఉందండి" అని అడగాలి. ఆయన చెప్పిందే పటం. గొలుసు లాగడానికి, సర్వే రాయి మొయ్యడానికి గ్రామ నౌకరు కావాలి. ఆ గొలుసు కొలిచింది కాగితం మీద ఎలా పడిందో చూసే హక్కు మాత్రం అతనికి లేదు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. ఎన్టీఆర్ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ ఒక్క పని మన పేటలకి ఎంత పెద్దదో మన చరిత్రకారులు ఇంకా సరిగ్గా రాయలేదని నా అభిప్రాయం. వంశపారంపర్యంగా ఒక గడప వెనకున్న పటం మొదటిసారి ఆ గడప దాటింది. దాటి తహసీల్దారు ఆఫీసుకి చేరింది. అక్కడ అరుగు లేదు గానీ టేబులుంది, టేబులు కింద చెయ్యి ఉంది.

ఇప్పుడు పట్టణం సంగతికొద్దాం. 1914లో స్కాట్లాండ్ నుంచి ప్యాట్రిక్ గెడ్డిస్ అనే పట్టణ ప్రణాళికా పండితుడు మద్రాసు వచ్చాడు, గవర్నర్ పెంట్‌లాండ్ పిలిస్తే. మరుసటేడు మద్రాసులో పటాల ప్రదర్శన పెట్టాడు, ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. ఆయన పట్టుబట్టింది ఒకటే: వీధి వీధీ కాలినడకన తిరగకుండా ఆఫీసులో కూచుని గీత గీసి ఇళ్ళు కూల్చొద్దు. ఆ ఊపులో 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. ఆంధ్రలో ఇప్పటికీ మున్సిపాలిటీ ప్రణాళికలకు పునాది ఆ చట్టమే. ముసాయిదా ప్రకటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, విన్నాక ఖరారు చెయ్యాలి అని అందులోనే ఉంది. అంటే పటాన్ని జనానికి చూపించి తీరాలన్న నియమం మన దగ్గర ఇంటర్నెట్‌తో రాలేదు. నూరేళ్ళ నాటిది. గెజిట్‌లో వేసి, ఆఫీసు గోడకి అంటించి, చూపించామన్నారు. గెజిట్ చదివేదెవరు? ఆ గోడ దాకా వెళ్ళేదెవరు?

1923లో సర్వే, హద్దుల చట్టం. హద్దు తగాదా తేల్చాక నోటీసు ఎవరికి పంపాలి? రిజిస్టరులో పేరున్న హక్కుదారుకి. నచ్చకపోతే అప్పీలుకి మూడు నెలలు. రిమార్కుల గడిలో ఉన్నవాడికి నోటీసు ఎందుకు వస్తుంది?

ఈ రెండు చట్టాల పక్కన 1924ని పెట్టి చదవండి. ఆ ఏడాది రెట్టైమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో ఒక తీర్మానం పెట్టారు. పబ్లిక్ రోడ్లు, వీధులు, బావుల దగ్గరికి అణగారిన వర్గాలు వెళ్ళకుండా ఎవరూ అడ్డుకోకూడదని. తీర్మానం నెగ్గింది, ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మన చరిత్రలో గొప్ప రోజు. కానీ ఉత్తర్వులో ఉన్న మాట ఏమిటి? పబ్లిక్. ఏ దారి పబ్లిక్, ఏ దారి ఫలానా వారి సొంతం అని తేల్చేది ఏది? పటం. పటం ఎక్కడుంది? కరణం ఇంట్లో. హక్కు ఇచ్చిన కాగితం మద్రాసులో ఉంది, దాన్ని వాడుకోడానికి కావలసిన కాగితం మనం ఎక్కలేని అరుగు వెనకాల ఉంది. పేట నుంచి రోడ్డెక్కే దారి గురించి, శ్మశానానికి శవం తీసుకెళ్ళే దారి గురించి ఇవాళ్టికీ జరుగుతున్న తగాదాల్లో సగం ఇవే. దారి ఉందా లేదా అని కాదు. దారి పటంలో ఉందా లేదా అని.

స్వాతంత్ర్యం వచ్చాక పటాలు తెరుచుకున్నాయా? ఇంకా మూసుకున్నాయి. సర్వే ఆఫ్ ఇండియా పెద్ద స్కేలు పటాలను సరిహద్దుల నుంచీ, సముద్రతీరం నుంచీ 80 కిలోమీటర్ల లోపలి ప్రాంతానికి సామాన్యులకు అమ్మేవారు కాదు. దేశ రక్షణ అన్నారు. పటం ముందేసుకుని చూడండి. కాకినాడ, రామచంద్రపురం, అమలాపురం, రాజమండ్రి అంతా ఆ 80 కిలోమీటర్ల లోపలే. దశాబ్దాల పాటు గోదావరి డెల్టా మొత్తం తన సొంత పటం కొనుక్కోలేని ప్రాంతం. 2005 జాతీయ మ్యాప్ విధానంతో ఆ బిగింపు కొంత సడలింది. 2009లో ఇస్రో భువన్ వచ్చింది. 2017లో టోపో షీట్లు ఉచితంగా దించుకోనిచ్చారు, ఆధార్ ఇస్తేనే అన్నారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీద అనుమతుల పద్ధతి దాదాపు ఎత్తేసింది. ఎవరి కోసం ఎత్తేసిందో ఆ ప్రకటనలోనే ఉంది: కంపెనీలు, స్టార్టప్‌లు.

మన రాష్ట్రంలో 2015లో మీ భూమి పోర్టల్ మొదలైంది. అడంగల్, వన్ బీ, ఎఫ్ఎంబీ, గ్రామ పటం. కరణం భోషాణం ఫోన్లోకి వచ్చింది. నేను దీన్ని చిన్నచూపు చూడను. మన పిల్లలు ఎవరి ముందూ చేతులు కట్టుకోకుండా ఊరి రికార్డు చూస్తున్నారు, మా తరానికి ఇది తెలియదు. కానీ భోషాణంలో ఏముందో అదే ఫోన్లోకి వచ్చింది. లేనిది రాదు కదా. మన భూమి తప్పకుండా కనపడే ఆన్‌లైన్ జాబితా ఒకటి మాత్రం ఉంది. రిజిస్ట్రేషన్ల శాఖ వారి 22-ఏ నిషేధిత ఆస్తుల జాబితా. డీ పట్టా భూములు చాలా అందులో బారులు తీరి ఉంటాయి. ఆ నిషేధానికి కారణం ఉంది, 1977 చట్టం మన భూమి ఇంకొకరి చేతుల్లోకి పోకుండా కాపాడ్డానికే వచ్చింది. అయినా గమనించండి, రాజ్యం మనల్ని శ్రద్ధగా నమోదు చేసింది ఎక్కడో.

ఇక మాస్టర్ ప్లాన్లు. 2015లో అమృత్ పథకం కింద లక్ష జనాభా దాటిన నగరాలకు జీఐఎస్ మాస్టర్ ప్లాన్లకి కేంద్రం డబ్బు ఇచ్చింది. 2021లో అమృత్ 2.0 వచ్చింది. ఈసారి 50 వేల నుంచి లక్ష లోపు పట్టణాలకు. 2011 లెక్కల్లో అమలాపురం, మండపేట 50 వేలు దాటినవి. రామచంద్రపురం 43 వేల పైచిలుకు. మొదటిసారి లక్ష గీత, రెండోసారి 50 వేల గీత, రెండుసార్లూ రామచంద్రపురం గీత బయటే. ముప్పై కిలోమీటర్ల దూరంలో కాకినాడ 2016 జనవరిలోనే తొలి 20 స్మార్ట్ సిటీల్లో చేరింది. ప్రతిపాదనలు, పటాలు, సలహాల పెట్టె అన్నీ నెట్లోకొచ్చాయి. చిన్న పట్టణంలో పటం పాతదే, తగాదాలు మాత్రం కొత్తవి. రియల్ ఎస్టేట్ మండపేట, కాకినాడ చూసి రామచంద్రపురం ముందు ఆగదు. పొలం లేఅవుట్ అవుతుంది, పుంత రోడ్డు అవుతుంది, పేట అడ్డం అవుతుంది.

పటం జనానికి ముందే కనపడకపోతే ఏమవుతుందో మన పక్కనే ఉంది. 2020లో రాజమహేంద్రవరం పేదల ఇళ్ళ స్థలాలకు కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములు ఎంచుకున్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి ఆవ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. వానాకాలం నీళ్ళు నిలబడే పల్లం. ఆ మాటే ఒక పటం. వానలకి ఆ నేల మునిగింది, వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. ఎత్తుపల్లాల పటం, ముంపు పటం సంతకం పెట్టేముందు జనం చేతిలో పెట్టి ఉంటే, ఆ భూమి వైపు వేలు చూపించడానికి ముసలమ్మ ఒకర్తి చాలు.

హైదరాబాద్‌లో 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నదీగర్భంలో ఉన్నాయని గుర్తు. ఏ చెరువు శిఖం ఎక్కడిదాకా, ఏ నది గర్భం ఎక్కడిదాకా అన్నది ప్రభుత్వ పటాల్లోని సంగతి. బిల్డరుకి దాన్ని చదివిపెట్టే ఇంజినీరు, లాయరు ఉంటారు. బస్తీలో ఉన్నవాళ్ళకి తమ ఇల్లు గీతకి ఎటు పక్కనుందో పటం చెప్పలేదు. గోడ మీద రంగు చెప్పింది.

నన్ను ఓ విద్యార్థిని అడిగింది, పటంతో మనం గెలిచిన చోటు ఎక్కడైనా ఉందా సర్ అని. ఉంది. కొంచెం దూరం వెళ్ళాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో జేన్స్‌విల్ అనే చిన్న పట్టణం. దాని అంచున కోల్ రన్ అనే నల్లవాళ్ళ పేట. చుట్టూ తెల్లవాళ్ళ ఇళ్ళకి 1950ల నుంచి నగర మంచినీటి గొట్టాలు వెళ్ళాయి. కోల్ రన్‌కి రాలేదు. పాత బొగ్గు గనుల వల్ల బావినీళ్ళు పాడు. వాన నీళ్ళు పట్టుకున్నారు, ట్యాంకులతో మోసుకున్నారు, దాదాపు యాభై ఏళ్ళు. కేసు వేశాక అధికారుల వాదన మీకు తెలిసిందే, ఏ దేశమైనా ఒకటే: జాతి వివక్ష ఏమీ లేదు, సాంకేతిక కారణాలు. అప్పుడు వాళ్ళ తరఫు పరిశోధకులు ఒక పని చేశారు. నీటి గొట్టాల పటం తీసుకున్నారు. ఏ ఇంట్లో నల్లవాళ్ళుంటారో, ఏ ఇంట్లో తెల్లవాళ్ళుంటారో ఇంకో పటం గీశారు. ఒకదాని మీద ఒకటి పెట్టారు. గొట్టం ఎక్కడ ఆగిందో, తెల్ల ఇళ్ళు ఎక్కడ ఆగాయో ఒకటే. 2008 జూలైలో జ్యూరీ 67 మందికి దాదాపు కోటీ 9 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని తేల్చింది. నినాదాలు యాభై ఏళ్ళుగా ఉన్నాయి. ఆ రెండు పటాలు ఒకదాని మీద ఒకటి పడ్డాక తప్పించుకోడానికి సందు లేకపోయింది.

అలాంటి పటం మన దగ్గర గీయొచ్చా? వార్డు వారీగా, గ్రామం వారీగా ఎస్సీ జనాభా జనగణన లెక్కల్లో ఉంది, అది బహిరంగమే. మంచినీటి గొట్టం, మురుగు కాలువ, వీధి దీపం, సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగాయో మున్సిపాలిటీ దగ్గర ఉంటుంది, ఉండి తీరాలి. రెండూ పక్కపక్కన పెట్టడమే.

అయితే ఇక్కడ మనలో మనం తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. మన పేటలకు కులం పేరు రాసి పటాన్ని అందరికీ తెరిచిపెట్టడం మంచిదేనా? కులం పేరున్న పటం ఇల్లు అద్దెకివ్వనివాడికీ పనికొస్తుంది, దాడికి వచ్చేవాడికీ పనికొస్తుంది. 1930ల్లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాలను ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో విడగొట్టింది. నల్లవాళ్ళ పేటలకు ఎరుపు. ఎర్ర గీత లోపల ఇంటి అప్పు పుట్టడం గగనమైంది. అప్పట్లో ఆ పటాలు జనానికి చూపించలేదు. 2016లో రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాకే మామూలు జనం తమ వీధి ఏ రంగులో ఉండేదో చూసుకున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో కులం పేర్లున్న వాడలకు పేర్లు మార్చాలని నిర్ణయించింది. నా మట్టుకు నాకు పేరు మార్చడం మీద అభ్యంతరం లేదు, కానీ పేరుతో పాటు లెక్క కూడా చెరిపేస్తే ఒప్పుకోను. 2022 మేలో మన కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతారంటేనే అమలాపురం తగలబడింది. పటం మీద పేరు ఎంత బరువుదో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నా ఆలోచన ఇది: సౌకర్యాల పటం అందరికీ తెరవాలి. కులం లెక్కల పటం మనం గీసుకుని మన చేతిలో పెట్టుకోవాలి, కోర్టుకి, కమిషన్‌కి వెళ్ళేటప్పుడు తియ్యాలి. వేరే ఆలోచన ఉన్నవాళ్ళు వాదించండి, వింటాను.

ఇక పని సంగతి. రామచంద్రపురం పట్టణంలో, మండలంలో ఉన్న మిత్రులకి ముఖ్యంగా చెబుతున్నా. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం జనాన్ని తాకే నిర్ణయం చేసేటప్పుడు దానికి సంబంధించిన వాస్తవాలన్నీ ఆఫీసు తనంతట తానే ప్రకటించాలి, వీలైనంత ఇంటర్నెట్‌లో. పెట్టలేదా, సెక్షన్ 6 కింద అడగండి. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల ఆఫీసుకి 5 రూపాయలు, మున్సిపాలిటీకి 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు, నకలు జత చేస్తే చాలు. గడువు 30 రోజులు. పటాల నకళ్ళకి మాత్రం వేరే ఖర్చు అడగొచ్చు.

"మాస్టర్ ప్లాన్ ఇవ్వండి" అని ఊరికే అడగొద్దు, ఒక పీడీఎఫ్ మొహాన కొడతారు. ప్రస్తుతం అమల్లో ఉన్న ప్లాన్ ఏ జీవోతో, ఏ తేదీన మంజూరైందో అడగండి. ముసాయిదా ఎప్పుడు ప్రకటించారో, ఎన్ని అభ్యంతరాలు వచ్చాయో, ఒక్కోటీ ఎలా పరిష్కరించారో అడగండి. ఎస్సీ వార్డుల నుంచి ఒక్క అభ్యంతరం కూడా రాలేదని జవాబొస్తే అదే మీ మొదటి రుజువు. మీ పేట మీద ఏ రంగు పడిందో చూడండి. పసుపు పడితే నివాసం. ఆకుపచ్చ పడితే పార్కో, పొలమో. మీరు కాపురం ఉన్నచోట ఆకుపచ్చ ఉంటే నిద్రపోకండి. ప్రతిపాదిత రోడ్డు వెడల్పు గీత మీ పేట పక్కనుంచి పోతోందో, మధ్యలోంచి పోతోందో స్కేలు పెట్టి కొలవండి. ఊరి తుమ్మచెట్టు దగ్గరో కాలువ వంతెన దగ్గరో తెలిసిన గుర్తు నుంచి మొదలుపెడితే తేలిక.

కాలువ గట్ల మీద, డ్రెయిన్ల పక్కన ఉన్న పేటలది అసలైన ప్రమాదం. అక్కడ జాగా రికార్డులో ఇరిగేషన్ పోరంబోకు. మూడు తరాల కాపురం, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటాయి, పటంలో మాత్రం నీళ్ళే ఉంటాయి. ఆ రసీదులన్నీ ఇప్పుడే ఒకచోట చేర్చి, ఇంటింటికీ ఫోనులో లొకేషన్ పట్టి, మీ పేట పటం మీరే గీయండి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో వీధి పేరు ఎవరైనా ఎక్కించొచ్చు, అనుమతి అక్కర్లేదు. దానికి చట్టబలం లేదు, తెలుసు. కానీ తేదీతో సహా ఉండిపోతుంది. ఇంకో మాట. 2020 చివర్లో మొదలైన రీసర్వే అయిపోయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ నంబర్లు వచ్చాయి. పాత ఎఫ్ఎంబీ, ఆర్ఎస్ఆర్ నకళ్ళు ఇప్పుడే తీసి దాచుకోండి. పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఒకే కాగితం మీద రాసిపెట్టుకోండి, రేపు వెతుక్కోడానికి అదే తాళం.

తలారుల, వెట్టివాళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళు ఇంకా ఉంటే, వాళ్ళని పొలిమేర వెంట ఒకసారి నడిపించి, వాళ్ళు చెప్పింది వీడియో తియ్యండి. ఏ గట్టుకి ఏ పేరో, ఏ దిబ్బ మీద ముందు మన పేట ఉండేదో, ఎప్పుడు ఎందుకు జరిగిందో.

ఎనిమిదో భాగం శ్మశానాల మీద. మీ పేట శ్మశానం సర్వే నంబరు, రికార్డులో విస్తీర్ణం ఎంత, మీరు గొలుసో టేపో పట్టి కొలిస్తే ఎంత తేలింది, అక్కడికి దారి పటంలో ఉందా లేదా, ఈ నాలుగూ రాసి పంపండి. వచ్చినవాటితోనే ఆ భాగం రాస్తాను.

జై భీమ్.